కోళ్ల తెగులు త్రోవ: పటము చెప్పునదియు చెప్పనిదియు

గ్రామపటము మన రైతులకు క్రొత్త వస్తువు కాదు. కరణముల కాలమునుండియు ప్రతి గ్రామమునకును ఒక పటము కలదు. ఏ సర్వే నంబరు ఎచట మొదలై ఎచట ముగియునో, ఏ బోదె ఏ చేనికి నీరిచ్చునో, పుంత యెవరి గట్టు వెంబడి పోవునో అందు చూచి తగవులు తీర్చుకొనుచు వచ్చితిమి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టాలో నీటికొక పటము, శిస్తుకొక పటము, మురుగుకొక పటము ఏర్పడినవి. కాని 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలలోనికి వచ్చిన పటము వేరు. ఒక కోళ్ల ఫారమును నడుమ నుంచి దానిచుట్టు రెండు వలయములు గీయబడినవి. చిన్న వలయములో పడినవాని కోళ్లకు చావు. పెద్ద వలయములో పడినవాని గ్రుడ్లకు బండి లేదు. ఆ పటము ఎట్లు తయారగునో, అది ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో కోళ్లు పెంచు సభ్యులకే గాక, వరి పండించువారికిని చేపల చెరువులవారికిని తెలిసియుండుట మంచిదని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

జరిగినదానిని ముందు చెప్పెదము. 2025 జనవరిలోనే తణుకు పరిసరములందలి ఫారములలో కోళ్లు గుంపులుగా చచ్చుట మొదలయ్యెను. ఫిబ్రవరి రెండవ వారమునకు గాని రోగమిదియని తేలలేదు. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలములోని వేల్పూరునందును, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలములోని కానూరు అగ్రహారమునందును తీసిన నమూనాలు భోపాలుకు పోయినవి. పక్షులకు వచ్చు హెచ్5ఎన్1 తెగులును మన దేశమున నిశ్చయించి చెప్పు జాతీయ ఉన్నతభద్రతా పశువ్యాధుల సంస్థ అచటనే యున్నది. రెండు గ్రామముల నమూనాలలోను ఆ తెగులే కలదని వర్తమానము వచ్చెను. కొలది దినములకు ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలములోని బాదంపూడియు ఆ జాబితాలో చేరెను. అటుపిమ్మట కర్నూలునుండియు అట్టి వార్తయే వచ్చెను. దేశమునకు ఇది మొదటిసారి కాదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమందలి నవాపురమున ఈ తెగులు మొదట కానవచ్చినది. మన రాష్ట్రమున 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బ గ్రామములందును కనబడినది. కాని గ్రుడ్ల ఉత్పత్తిలో దేశమునకు మొదటిదని పేరుబడిన మన రాష్ట్రములో, ఫారము ప్రక్క ఫారముగా కిక్కిరిసియున్న తణుకు ప్రాంతమున అది ప్రవేశించుట వేరు సంగతి.

చావులు మొదలైన దినమునకును, భోపాలునుండి వర్తమానము వచ్చిన దినమునకును నడుమ కొన్ని వారములు గడచినవి. మా అభిప్రాయమున ఈ కథకు కీలకమంతయు ఆ వారములలోనే యున్నది. చాలమంది దానిని కొక్కెర తెగులే యనుకొనిరి. అట్లనుకొన్నవారిని తప్పుపట్టుటకు లేదు. రెండింటిలోను కోడి ముడుచుకొని కూర్చుండును, మేత మానును, పలుచగా పచ్చని పెంట పెట్టును, ఎగశ్వాస తీయును. జుట్టును తమ్మెలును నీలివర్ణము తిరుగుట, ముఖము వాచుట, కాళ్ల పొలుసులక్రింద నెత్తుటి మచ్చలు తేలుట, ఏ గురుతును చూపకయే రాత్రికి రాత్రి పడిపోవుట, ఇవి బర్డ్ ఫ్లూకు ఎక్కువగా చెప్పు లక్షణములు. అయినను కంటితో చూచి ఇదియే అని చెప్పుట అనుభవముగల పశువైద్యునికిని సాధ్యము కాదు. కొక్కెరకు టీకా వేసినదే, అయినను చచ్చుచున్నవి, టీకా మంచిది కాదేమో యని ఒకరు, చలిగాలి యని ఒకరు, దాణాలో బూజు పట్టినదని ఇంకొకరు ఎవరి కారణము వారు చెప్పుకొనుచుండగనే దినములు గడచును. ఆ దినములలో గ్రుడ్ల బండ్లు నడుచుచునే యుండును.

ఇక వలయముల సంగతి. కేంద్ర ప్రభుత్వపు కార్యప్రణాళిక ననుసరించి, రోగము నిశ్చయమైన స్థలమును నడుమ నుంచి ఒక కిలోమీటరు దూరమున నొక వలయమును, పది కిలోమీటర్ల దూరమున మరియొక వలయమును గీతురు. మొదటిదానిలోని కోళ్లు, బాతులు అన్నియు చంపబడి పాతిపెట్టబడును. రెండవదానిలో నమూనాలు తీసి చూచుచు, కోళ్లును గ్రుడ్లును లోపలికి రాకుండ, బయటికి పోకుండ కాపుదురు. పది కిలోమీటర్లనగా చిన్న వలయమునకు పదిరెట్లే గదా యని కొందరు తలచుట కలదు. అట్లు కాదు. చిన్న వలయపు వైశాల్యము సుమారు 776 ఎకరములు. పెద్దది సుమారు 77,600 ఎకరములు. దూరము పదిరెట్లైన నేల నూరురెట్లగును. అంత నేలలో ఎన్ని ఫారములు, ఎన్ని పెరటి కోళ్లు, ఎన్ని మాంసపు దుకాణములు కలవో ఫిబ్రవరి వచ్చిన తరువాత లెక్కింప మొదలుపెట్టినచో ఆ లెక్క తేలునాటికి తెగులు దాటిపోయి యుండును.

మరియొక చిక్కు కలదు. వేల్పూరు, కానూరు అగ్రహారము, బాదంపూడి, ఈ మూడును మొన్నమొన్నటి వరకు ఒక్క పశ్చిమ గోదావరి జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోగా ఒకటి భీమవరపు కలెక్టరు క్రిందికిని, ఒకటి రాజమహేంద్రవరపు కలెక్టరు క్రిందికిని, ఒకటి ఏలూరు కలెక్టరు క్రిందికిని పోయినవి. జిల్లా హద్దు కోళ్లకు తెలియదు, గ్రుడ్ల లారీకి తెలియదు. వేల్పూరు వలయము పెరవలి వైపునకును, కానూరు వలయము తణుకు వైపునకును పోయి రెండును ఒకదానిపై నొకటి పడినవి. మూడు కార్యాలయములును ఒకే పటముపై పని చేసిననే గాని ఇటువంటి చోట పని సాగదు.

చిన్న వలయములో పడి, తన కోళ్లకు ఏ జబ్బును లేకపోయినను వాటిని పోగొట్టుకొనువాని బాధ మేమెరుగుదుము. రేపు గ్రుడ్డు పెట్టవలసిన కోడిని నేడు తన కన్నులయెదుట గోతిలో వేయుట చూచి ఓర్చుకొనుట సామాన్యము కాదు. బ్యాంకు బాకీ అట్లే యుండును, షెడ్డు అద్దె అట్లే యుండును. ఒక్క కిలోమీటరే యేల, ఎనిమిదివందల మీటర్లు ఏల కాదని అడిగినవారు కలరు. నిజముచెప్పవలెనన్న ఆ సంఖ్యలో దైవరహస్యమేమియు లేదు. రోగము ఎచటెచట నున్నదో ఖండితముగా తెలియనప్పుడు, తెలియనితనమునకు వెలగా గీయు గీత అది. తెలిసినంతవరకు దానిని తగ్గించుకొనవచ్చును. తెలిసికొనుట మాత్రము ఫారములవారి చేతిలోనే యున్నది.

ఏలయన, ఈ తెగులు నిజముగా వలయాకారముగా పోవునది కాదు. అది త్రోవలు పట్టి పోవును. కోడి ముక్కునీటిలోను, పెంటలోను ఈ సూక్ష్మజీవి అపారముగా నుండును. చల్లని నీటిలోను, తడిపెంటలోను అనేక దినములు బ్రతుకును. పెంట అంటిన చెప్పు, బండిచక్రము, దాణా గోతాము, అన్నిటికంటె ముఖ్యముగా గ్రుడ్ల ట్రే, వీనిపై నెక్కి ప్రయాణము చేయును. పదివేల పెట్టలున్న ఒక షెడ్డును తీసికొందము. నూటికి తొంబది గ్రుడ్లు పెట్టినచో దినమునకు తొమ్మిదివేల గ్రుడ్లు. ట్రేకు ముప్పది చొప్పున మూడువందల ట్రేలు. ఈ మూడువందల ట్రేలు ఉదయము బయటికి పోయి, వేరొకచోట దింపబడి, మరునాడు వేరొకరి ఫారపు ట్రేలతో కలిసి తిరిగివచ్చుచుండును. ఏ ట్రే ఎవరిదో చెప్పగలవారు లేరు. కావున వేల్పూరుకు అర కిలోమీటరులో నున్నను, తన ట్రేలు తానే ఉంచుకొని, బండిని గేటు వెలుపలనే నిలిపివేయువానికంటె, ఇరువది కిలోమీటర్ల దూరమున నుండి అదే లారీకి గ్రుడ్లు వేయువాడే ఆ ఫారమునకు నిజమైన పొరుగువాడు. ముసలి కోళ్లను కొనుటకు ఫారము ఫారము తిరుగు వర్తకుడు, టీకాలు వేయుటకు జట్టుగా వచ్చు కూలీలు, చచ్చిన కోళ్లను ఊరకే తీసికొనిపోయెదనని చెప్పి వచ్చు మనిషి, ఈ త్రోవలన్నియు పటముపై గీచి చూచిన వలయము కనబడదు, సాలెగూడు కనబడును. కర్నూలువంటి దూరపుచోట రోగము తేలినప్పుడు పరీక్షకులు ఆకాశమువైపు చూచుటకు ముందుగా లారీల పుస్తకము చూతురు.

భోపాలువంటి ప్రయోగశాలలలో మరియొక పని కూడ జరుగును. సూక్ష్మజీవి యొక్క జన్యువులను అక్షరమక్షరముగా చదివి, ఒకచోటిదానితో మరియొకచోటిదానిని పోల్చుదురు. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవునప్పుడు అందు చిన్న చిన్న మార్పులు కలుగుచుండును. వానినిబట్టి ఏది ముందు, ఏది వెనుక, రెండును ఒక తల్లి పిల్లలా లేక వేర్వేరుగా వచ్చినవా యని వంశవృక్షము వ్రాయవచ్చును. 1996లో చైనా దేశమున గ్వాంగ్‌డాంగు రాష్ట్రములో నొక బాతుజాతి పక్షియందు కనిపెట్టబడిన సూక్ష్మజీవియే నేటి హెచ్5ఎన్1 కుటుంబమునకు మూలపురుషుడని ఈ పద్ధతిచేతనే తేలినది. మన ఊరికి ఇది ఎట్లు పనికివచ్చుననగా, చచ్చిన మొదటి దినముల కోళ్లనుండి నమూనా తీసియున్నగాని ఆ వృక్షమునకు వేరు దొరకదు. పాతిపెట్టిన పిదప దానినడుగుట వృథా.

తెగులు మొదట ఎచటినుండి వచ్చెనన్నదానికి కొల్లేటి వలసపక్షుల పేరు చెప్పుట పరిపాటియైనది. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. చలికాలమున మధ్య ఆసియానుండియు సైబీరియానుండియు పక్షులు వచ్చు మార్గములో నున్నది. అట్టి పక్షులు ఈ సూక్ష్మజీవిని మోసికొనివచ్చుట లోకమున పలుచోట్ల ఋజువైన సంగతియే. కాని కొల్లేటి పక్షి తిన్నగా షెడ్డులోనికి రాదు. నడుమ నొక వంతెన యుండవలెను. ఆ వంతెన శుద్ధిచేయని కాలువనీరు కావచ్చును, కళేబరమును పొడిచిన కాకి కావచ్చును, బాతుల మంద కావచ్చును.

బాతుల సంగతి మన డెల్టాకు మిక్కిలి దగ్గరిది. సార్వా కోతలు కాగానే బాతులవారు మందలను తోలుకొని చేలలో రాలిన గింజలకును, నత్తలకును మేపుచు ఊరూరు తిరుగుదురు. కొన్ని బాతులు ఈ తెగులు సోకియు జబ్బు చూపకయే తిరుగుచుండును. థాయిలాండు దేశమున 2004లో తెగులు ప్రబలినప్పుడు, అచటి ప్రభుత్వమువారు దేశమంతట ఇంటింటికి మనుష్యులను పంపి కోళ్లను బాతులను చూపించిరి. ఆ లెక్కలను, ఏ చేను ఏడాదికెన్ని పంటలు పండునో ఉపగ్రహములు తీసిన చిత్రములతో కలిపి శాస్త్రజ్ఞులు పటములు గీచిరి. 2008లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో థాయిలాండునందును వియత్నామునందును తెగులు ఎక్కువగా నున్నచోట్లు కోళ్లు ఎక్కువగా నున్నచోట్లతో సరిపోలక, బాతులు, జనులు, వరి పంటలు ఎక్కువగానున్న పల్లపు నేలలతో సరిపోలినవి. ఏడాదికి రెండు మూడు వరికోతలు, కోతవెంట బాతుల మందలు, నిలువనీరు, ఈ వర్ణన చదివినప్పుడు మాకు సార్వా దాళ్వాల నడుమనున్న మన చేలే జ్ఞప్తికి వచ్చినవి. బాతులవారిని దోషులుగా చేయుట మా ఉద్దేశము కాదు. వారు బీదలు, వారి మంద చచ్చినను చెప్పుకొనుటకు ఒక ఊరు లేదు. ఏ వారమున ఏ ఊరి చేలలో దిగిరో వ్రాసికొనువారు లేకపోవుటయే లోపము.

ఇట్లే పటములోనికెక్కని కోళ్లు మరికొన్ని కలవు. గంపక్రింద నాలుగు పెట్టలను పెంచుకొను ఇల్లాండ్ర కోళ్లు ఏ పుస్తకమునను లేవు. సంక్రాంతి పందెముల కోళ్ల మాట చెప్పనే అక్కరలేదు. జీడిపప్పు, మాంసము పెట్టి పెంచిన పుంజులను నాలుగు జిల్లాలనుండి ఒకచోటికి చేర్చి, నెత్తురు చిమ్మించి, గెలిచినదానిని ఒకరు, ఓడినదానిని మరియొకరు ఇంటికి కొనిపోవుట జనవరి నడుమ జరుగు పనియే. పందెము చట్టవిరుద్ధము గావున ఏ పుంజు ఎచటినుండి వచ్చెనో ఎవరును చెప్పరు. 2025 తెగులుకు ఇదే కారణమని మేము చెప్పుట లేదు. పటమున ఇది పెద్ద తెల్లకాగితమని మాత్రము చెప్పుచున్నాము.

సరియైన పటము లేనిచోట వదంతి తన పటమును గీయును. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వము సరిహద్దు తనిఖీ కేంద్రములవద్ద ఆంధ్ర కోళ్ల బండ్లను త్రిప్పి పంపెను. తెగులు సోకినది కొలది గ్రామములలో. అనుమానము సోకినది రాష్ట్రమంతటికిని. మాంసము ధర పడిపోయెను. వలయమునకు ఎంతో దూరముననున్న ఫారములవారును నష్టపడిరి. ఏ ఫారము ఏ దినమున పరీక్షింపబడి శుద్ధమని తేలెనో పటముపై చూపగలిగినచో, ఆ బండిని ఆపుటకు ఎవరికిని కారణముండదు. తినువారి భయము గూర్చియు ఒక మాట. ఈ సూక్ష్మజీవి 70 డిగ్రీల వేడిమికి నశించును; చక్కగా ఉడికిన గ్రుడ్డునకును కూరకును దోషము లేదు. పచ్చిమాంసముతోను, జబ్బుకోడితోను చెలగాటము మాత్రము కూడదు. 1997లో హాంగ్‌కాంగున 18 మందికి ఈ తెగులు సోకి ఆరుగురు మరణించిరి. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి మరణించెను. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని ఇంటివారు చెప్పిరి. కోళ్లను చంపి పాతువారికి నిండుతొడుగులును, ముఖమునకు మాస్కులును ఇచ్చుట ఆడంబరము కాదు.

ఇప్పుడు డబ్బు మాట. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు, ఏలయన రైతు నోరు మూయించునది అదియే. ప్రభుత్వమువారు చంపిన కోళ్లకు, నాశనము చేసిన గ్రుడ్లకు, దాణాకు పరిహారము కలదు. కేంద్రమును రాష్ట్రమును చెరి సగము భరించును. తమంతట తాము చచ్చిన కోళ్లకు పరిహారము లేదు. మాటవరుసకు పదివేల కోళ్లవాడు రెండువందలు చచ్చిననాడే చెప్పి, ఆలస్యము లేక పరీక్ష జరిగినచో తొమ్మిదివేల చిల్లరకు పరిహారము పొందును. గుట్టుగానుంచి ఏడువేలు చచ్చిన పిదప చెప్పినచో మూడువేలకే పొందును. ఇంత స్పష్టముగానున్నను దాచుట ఏల జరుగుచున్నది? చెప్పినవాని షెడ్డు మూతపడును, శుద్ధిచేసి మరల కోళ్లను పోయుటకు సుమారు మూడు మాసములు పట్టును. పైగా ఊరివారందరును వీనివలన మా కోళ్లు పోయినవని వానినే తిట్టుదురు. చెప్పినవాడు దోషి, దాచినవాడు తెలివిగలవాడు అగు ఈ స్థితి మారనిదే ఏ పటమును నిజము చెప్పదు. పశువుల అంటువ్యాధుల నివారణకై 2009లో చేయబడిన చట్టమున, ఇట్టి జబ్బు ఉన్నదని అనుమానము కలిగిన వెంటనే గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపుట యజమాని విధి యని యున్నది. చట్టముతోబాటు పరిహారపు సొమ్ము త్వరగా చేతికి వచ్చుటయు అంతే అవసరమని ప్రభుత్వమువారికి విన్నవించుచున్నాము. ఆలస్యముగా వచ్చు పరిహారము ఆలస్యముగా చెప్పుటను నేర్పును. చచ్చిన కోళ్లను పంటకాలువలో విడుచుట, చేపల చెరువులలో మేతగా వేయుట మాత్రము ఏ కష్టముచేతను సమర్థింపదగినది కాదు. ఆ కాలువనీరే దిగువ ఊరి కోళ్లు త్రాగును, మనుష్యులును వాడుదురు.

మన సంఘమువరకు మేము చేయదలచిన పని చిన్నది. సంఘ కార్యాలయపు గోడకు మన గ్రామముల పటమును అంటించితిమి. ఒక్కొక్క ఫారమునకు దాని సర్వే నంబరుపై ఒక గుండుసూది గ్రుచ్చెదము. ఎన్ని షెడ్లు, ఎన్ని కోళ్లు, నీరు బోరుదా కాలువదా, గ్రుడ్లు ఏ లారీకి పోవునో ప్రక్కన వ్రాసెదము. పెరటి కోళ్లకు వీధివారీగా లెక్క చాలును. ప్రతి ఫారమువారును ఒక చిట్టా ఉంచి, దినదినము చచ్చిన కోళ్ల సంఖ్య, గేటులోనికి వచ్చిన బండ్లు, మనుష్యులు, ట్రేలు మారినవో లేదో అందు వ్రాయవలెను. నిన్న మూడు, నేడు పండ్రెండు, రేపు అరువది అని అంకెలు ఎగబ్రాకుట మూడవ దినమునకే పుస్తకములో కనబడును. కంటికి కనబడుటకు వారము పట్టును. అట్లు పెరిగిననాడే పశువైద్యునికి కబురు పంపి, ఆయన వచ్చి చూచువరకు గ్రుడ్ల బండిని గేటు బయటనే నిలుపవలెను. బాతుల మందకు చేను మేపుకు ఇచ్చిన రైతులు, మంద వచ్చిన తేదీయు పోయిన తేదీయు కార్యదర్శికి తెలిపినచో పటముపై సిరాతో గుర్తింపబడును. చిట్టా పుస్తకములు కార్యాలయమున ఇచ్చెదము. వచ్చు మాసపు సమావేశమునకు రాగలవారు తమ ఫారపు సర్వే నంబరు తెలిసికొని రావలెను. రాలేనివారు ఇంటి పిల్లవానిచేత చీటి పంపినను చాలును.